పిల్ల చిత్తు పుస్తకం

మార్చి 2, ఆదివారం

బీపీ 138/84.

ఈ నోటుపుస్తకం డాక్టరు కొనిపించాడు. రోజూ ఉదయం బీపీ చూసుకుని అంకెలు రాసి, నెలాఖరుకి తెచ్చి చూపించాలట. రెండు అంకెలు, మధ్యలో ఒక గీత. మిగతా పేజీ అంతా ఖాళీ. ముప్పై నాలుగేళ్ళు కాగితం వృథా చేస్తే సంజాయిషీ అడిగే ఆఫీసులో పనిచేసినదాన్ని, ఖాళీ పేజీ చూస్తూ ఊరుకోలేను. డాక్టరుకి చూపించేటప్పుడు అంకెలు వేరే కాగితం మీద ఎత్తి రాసుకుంటాను.

మనవరాలు నిన్న సాయంత్రం ఇంట్లోకి వచ్చిన తీరు చూసి ఏదో పరీక్ష పాసయిందనుకున్నాను. కాదు. డిజైన్లు వేసే పెద్ద స్టూడియో ఒకటి ఉందట, దాని పెద్దావిడ పిల్ల బొమ్మలన్నీ చూసి "వీటిలో చాలావరకు తీసెయ్యాలి" అందట. దానికి ఇంత సంబరం. ఆ స్టూడియోలో జూనియర్ డిజైనర్ చోటు ఒకటే ఖాళీగా ఉంది. ఈ నెల ఇరవై రెండు సాయంత్రం ఆరుగంటల లోపల పోర్ట్‌ఫోలియో పంపాలి. పోర్ట్‌ఫోలియో అంటే మరేం లేదు, చేసిన పనుల్లో మంచివి ఏరి, వరసగా పేర్చి చూపించే పుస్తకం. ఇప్పుడు పుస్తకం కూడా కాదు, కంప్యూటర్లో ఉంటుంది.

ఇప్పుడు చేసే ఉద్యోగం పిల్లకి ఎంత మాత్రం గిట్టడం లేదు. రోజంతా బిస్కెట్ డబ్బాల మీద పసుపు నక్షత్రం గీసి అందులో "ఉచితం" అని రాయడం. బయటపడాలని ఏడాదిన్నరగా, అంటే నా దగ్గరికి వచ్చి ఉంటున్నప్పటినుంచీ, కొట్టుకుంటోంది.

పెద్దావిడ శనివారాలు రమ్మందట, పోర్ట్‌ఫోలియో ఎలా బాగుచేసుకోవాలో చెబుతుందట. ఫోటో చూపించింది. గుండ్రటి కళ్ళజోడు, దాని వెనక మనిషి.

మార్చి 3

బీపీ 140/86. పిల్ల ఈ రోజు ఆవిడ మాట పదకొండుసార్లు ఎత్తింది. నేనేం లెక్కపెట్టలేదు, గుర్తుండిపోయింది.

మార్చి 8, శనివారం

ఇరవై మూడు పనులు వెళ్ళాయి, ఐదు తిరిగి వచ్చాయి.

పోయినవాటిలో క్యాలెండరు ఉంది. దాని ఆకుల అంచు మూల తిరిగేచోట పిల్లకి కుదరకపోతే నేను పట్టి గీసిచ్చాను. నాలుగు మూలలు, ఒక మధ్యాహ్నం.

"అది చూడగానే ఆవిడ ఏమందో తెలుసా అమ్మమ్మా? 'ఈ అంచు ఎవరిది? చెయ్యి చాలా బాగుంది, కానీ నీది కాదు. తీసెయ్యి' అంది."

"తీసెయ్యమందా?"

"చెయ్యి బాగుందంది కూడా."

"తీసెయ్యమందిగా."

పిల్ల నవ్వి లోపలికి పోయింది. నవ్వవలసిందేముందో నాకు తెలియలేదు.

మార్చి 9

పనులు తగ్గించుకోమని నేను ఏడాది క్రితమే చెప్పాను. సరిగ్గా ఇదే ముక్క. "ఇన్నెందుకే, చూసేవాడికి ఊపిరాడద్దూ" అన్నాను. అప్పుడు "ఇప్పటి పద్ధతి నీకు తెలీదులే అమ్మమ్మా" అంది. ఇప్పుడు కళ్ళజోడు చెబితే వేదవాక్కు. కళ్ళజోడు చెబితే పద్ధతి, నేను చెబితే గొణుగుడు.

నాకు తెలియని పద్ధతులేమిటో. పాఠ్యపుస్తకాల ఆఫీసులో బొమ్మల విభాగమంటే నేనే. గుండె అడ్డుకోత, మందారపువ్వు నిలువుకోత, బ్యాటరీకి బల్బు కలిపిన వలయం. నేను గీసిన కప్ప జీర్ణవ్యవస్థను చూసి గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉంటారు. వాళ్ళలో డాక్టర్లయినవాళ్ళూ ఉన్నారు, నాకు బీపీ పుస్తకం కొనిపించినవాడితో సహా. ఆ కప్ప కింద నా పేరు లేదు. ఉండకూడదు, రూలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే పేజీ ఖాళీగా ఉంది కనుక.

మార్చి 12, బుధవారం

మిగిలిన ఐదింటిలో ముఖ్యమైనది మందుల కాగితం. ఆస్పత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసి ఒక గడుల కాగితం ఇస్తారు. పిల్ల దాన్ని ముసలివాళ్ళకి అర్థమయ్యేలా మార్చి గీస్తోంది. ముసలివాళ్ళెవరని అడగలేదు. ఇంట్లో ఒకరే ఉన్నారు.

నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి పాత కాగితం ముందు పెట్టింది.

"రాత్రి వేసుకోవాల్సినవి ఏవో చెప్పు అమ్మమ్మా."

"నా మందులు నాకు తెలుసు. కాగితం ఎందుకు?"

"తెలీదనుకో."

"తెలిసినదాన్ని తెలీదని ఎలా అనుకోనే?"

"నటించు."

నటించాను. తెల్లది, గుండ్రటిది, సగం విరిచేది. మధ్యలో ఒకచోట ఆగాను. ఆగలేదు, కళ్ళద్దాలు సర్దుకున్నాను. పిల్ల తన చిత్తు పుస్తకంలో చీమలంత అక్షరాలతో ఏదో గీకింది. ఆ పుస్తకం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. గీత మీద గీత, కొట్టివేతలు, బాణాలు, ఒక పేజీలో కాఫీ కప్పు అడుగు ముద్ర.

కొత్త కాగితం చూపించి "ఎలా ఉంది?" అంది.

"పర్వాలేదు" అన్నాను.

మార్చి 15, శనివారం

బీపీ 156/94. ఈ అంకె డాక్టరుకి చూపించను.

పిల్ల స్నానానికి వెళ్తూ కంప్యూటరు తెరిచి వదిలింది. నేను చదవలేదు, కనబడింది. మందుల కాగితం పని కింద ఇలా ఉంది.

"వినియోగదారు 1: మహిళ, 74 ఏళ్ళు. ఒక కంటికి శుక్లం. సూచనలు చదివి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది."

పక్కన నా చేతి ఫోటో. మొహం లేదు. చేతిలో మాత్ర.

పిల్ల తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదేమిటే? ఇబ్బందా? నాకా? సూచనల పక్కన బొమ్మలు గీసి దేశానికి సగం చదువు చెప్పినదాన్ని నేను."

"అయ్యో, అది నిన్ను కాదు అమ్మమ్మా. అంటే... నిన్నే అనుకో. కానీ నిన్ను కాదు. ఎవరితో పరీక్షించి చూశావో రాయమన్నారు మేడమ్. అది లేకపోతే పనికి బలం లేదంట."

"ఒకటి అని వేశావు. రెండు ఎవరు?"

"రెండు ఇంకా దొరకలేదు."

కళ్ళజోడు రాయమంటే అమ్మమ్మని రోగిని చేసింది. బొమ్మలు గీసే చేతిని ఫోటో తీసి చేతిలో మాత్ర పెట్టింది. బాగుంది.

మార్చి 16

రాయడానికేమీ లేదు.

మార్చి 17

రాయడానికేమీ లేదనుకున్నాను, ఉంది. మొన్న శనివారం సాయంత్రం కళ్ళజోడు పిల్లని కారులో దింపింది. బాల్కనీలో బట్టలు తీస్తున్నాను కాబట్టి చూశాను. బట్టలు ఆరలేదు, అయినా తీశాను. కారు ఆగాక కూడా పిల్ల పావుగంట దిగలేదు. ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ. కళ్ళజోడు స్టీరింగు మీద గడ్డం ఆనించి వింటోంది. చెప్పడం కాదు, వినడం. పిల్ల నాతో అన్నేసి మాటలు ఎప్పుడు చెప్పిందో ఆలోచించాను. ఆలోచన తెగక మిర్చి కోస్తూ వేలు కోసుకున్నాను.

"ఏం మాట్లాడుకున్నారే అంతసేపు?"

"నేను చేసిన తప్పుల గురించి."

అది చెప్పుకోవడానికి కారు కావాలా?

మార్చి 19, బుధవారం

కొత్త ఆజ్ఞ. పూర్తయిన పని ఒక్కటే చూపిస్తే చాలదట. ఎక్కడ మొదలెట్టావు, ఎక్కడ తప్పిపోయావు, ఎలా తేలావు, అన్నీ చూపించాలట. అందుకని మందుల కాగితానికి గీసిన చిత్తు పుస్తకంలోని పేజీలు పోర్ట్‌ఫోలియోలో పెట్టాలి.

"ఆ పుస్తకమా? కాఫీ మరకతో సహానా?"

"మరకతో సహా."

"ఎవరైనా ఇంటికొస్తే ముందుగదిలో కూర్చోబెడతామా, విడిచిన బట్టల బుట్ట పక్కన కూర్చోబెడతామా?"

"మేడమ్ అయితే బుట్టలో ఏముందో చూస్తారు."

మా ఆఫీసులో చిత్తుకాగితం బల్ల దాటకూడదు. సాయంత్రం ఐదున్నరకి మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, అంటే బొమ్మలవాళ్ళందరికీ పైవాడు, గంపతో బల్ల బల్లకీ వచ్చేవాడు. అందరం చిత్తుప్రతులు నాలుగు ముక్కలు చేసి గంపలో వెయ్యాలి. ఎవరివి గంపలో ఎక్కువ ముక్కలు పడితే వాళ్ళకి పని తెలియనట్టు లెక్క. నేను చాలా తక్కువ వేసేదాన్ని. మధ్యాహ్నం భోజనాల వేళే కొన్ని చింపి సంచిలో ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని కనుక. కప్పకి నలభై చిత్తుప్రతులయ్యాయి. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఈ బీపీ పుస్తకానికి తప్ప.

మార్చి 20, గురువారం

పిల్ల వేరే ఊరు వెళ్ళింది. బిస్కెట్ డబ్బాలు అచ్చవుతున్నాయి, రంగు సరిగా పడుతోందో లేదో దగ్గరుండి చూడాలి. శనివారం మధ్యాహ్నానికి వస్తానంది. సాయంత్రం ఆరింటికి గడువు. చిత్తు పుస్తకం బల్ల మీద పెట్టి "భద్రం అమ్మమ్మా" అంది.

భద్రంగానే చూశాను.

ముప్పై ఒక్క పేజీలు. ఈ ఇంటినుంచి ఇలాంటి పేజీలు కళ్ళజోడు ముందుకి వెళ్ళడమా? అమ్మమ్మ ఉండి కూడా ఇదేం గీత అనుకోదూ? మెత్తటి రబ్బరు తీశాను. అడ్డదిడ్డపు పెన్సిల్ గీతలు, మూలల్లో చీమ రాతలు అన్నీ చెరిపాను. చదవలేదు. మురికి తుడిచేటప్పుడు చదువుతూ కూర్చోము కదా. ఉంచవలసిన గీతల మీద నా పాత ఇంకు పెన్నుతో నడిచాను. గడులు వంకరగా ఉన్నచోట స్కేలు పెట్టాను. కాఫీ మరక ఉన్న పేజీకి తెల్లకాగితం అంటించి మళ్ళీ గీశాను. చెయ్యి వణకలేదు. పదేళ్ళ తరవాత ఇంకు పెన్ను పట్టాను, వణకలేదు.

ఇది సాయం. రేపు కళ్ళజోడు చూసి "ఈ చెయ్యి ఎవరిది" అని అడగాలి.

అడగాలని కాదు. అడిగితే అడుగుతుంది.

బీపీ చూసుకోవడం మరిచిపోయాను. బాగానే ఉండి ఉంటుంది.

మార్చి 22, శనివారం

మూడింటికి పిల్ల ఫోను. బస్సు దారిలో ఆగిపోయింది, ఏడైనా చేరదు. ఏడుపు గొంతు.

"అమ్మమ్మా, ఆ పుస్తకం కింద జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళి ప్రతి పేజీ స్కాన్ చేయించి నా ఫోనుకి పంపించగలవా? నేను ఇక్కడినుంచే అతికించి పంపేస్తా."

మూడు మెట్ల వరసలు దిగి, వరసలో నిలబడి, షాపతనికి ఏ పేజీ తరవాత ఏ పేజీయో చెప్పి, ఐదుంపావుకి అన్నీ పంపించాను. ఐదూ యాభైకి ఫోను.

"పంపేశా! ఫోన్లో చిన్నగా కనిపించాయి గానీ, అన్నీ వచ్చాయి. నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో అమ్మమ్మా!"

ఈ మాట కళ్ళజోడుతో ఎప్పుడైనా అందా?

మార్చి 25, మంగళవారం

కళ్ళజోడు దగ్గరనుంచి ఉత్తరం పిల్లకి ఆఫీసులో ఉండగా ఫోనులో వచ్చిందట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చిత్తు పుస్తకం తీసింది. ఒక పేజీ. రెండో పేజీ. తరవాత చకచకా చివరిదాకా. ఆ చప్పుడు నాకింకా వినబడుతోంది.

ఫోను నా ముందు పెట్టింది. చదివాను. మాట మాట గుర్తుంది.

"ఇవి చిత్తుప్రతులు కావు. పని పూర్తయ్యాక, చిత్తుప్రతుల్లా కనబడాలని గీసినవి. ఒక్క పేజీలో కూడా సందేహం లేదు, వెనక్కి తగ్గడం లేదు. తప్పు చేసినవాళ్ళకి మా దగ్గర చోటుంది. తప్పుల్ని నటించేవాళ్ళకి లేదు. నీనుంచి ఇది అనుకోలేదు."

"నటించానంటోంది" అంది పిల్ల. గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "మా పనిలో అంతకన్నా పెద్ద మాట లేదు అమ్మమ్మా. దొంగ అన్నట్టు."

"శుభ్రం చేశానే. అలా ఎలా పంపుతాం?"

"అలాగే పంపాలని చెప్పా కదా. నీకే చెప్పా. ఇదే బల్ల దగ్గర."

"నువ్వు పైకి రావాలనే..."

"ఏడాదిన్నరగా ఇక్కడున్నా. ఏది చూపించినా పర్వాలేదు అంటావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బాగుందన్నావా? ఆవిడకి మూడు వారాలు పట్టింది, నాలో ఏముందో చెప్పడానికి. అది కూడా చెరిపేశావు."

"నిజం చెప్పెయ్యి ఆవిడకి. మా అమ్మమ్మ చేసిందని చెప్పు."

"'మా అమ్మమ్మ చేసింది.'" ఒకసారి పైకి అని చూసుకుంది. "ఎలా ఉందో విను. బడిలో హోంవర్కు కుక్క తినేసిందన్నట్టుంది."

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు. మెల్లిగా, గొళ్ళెంతో.

మార్చి 26

మాట్లాడలేదు.

మార్చి 27, గురువారం

మాట్లాడలేదు. నా మాత్రలు మాత్రం గిన్నెలో తీసి పెట్టి ఆఫీసుకి వెళ్ళింది. సరిగ్గా పెట్టింది.

కూతురు ఫోన్ చేసింది. పిల్ల చెప్పినట్టుంది.

"అమ్మా, నీకు అసూయ" అంది, ఉపోద్ఘాతం లేకుండా.

"ఎవరిమీద? ఆ కళ్ళజోడు మీదా? డెబ్భై నాలుగేళ్ళకి అసూయా!"

"నా ఏడో తరగతి సైన్సు చార్టు గుర్తుందా? నేను పడుకున్నాక నువ్వు మళ్ళీ గీశావు."

"ఫస్టు ప్రైజు వచ్చింది."

"వచ్చింది. తరవాత నేను పెన్సిలు పట్టుకోవడం ఎప్పుడైనా చూశావా?"

బ్యాంకులో ఉద్యోగం, అంకెలంటే ఇష్టం దానికి. అలాగే అనుకుంటూ వచ్చాను, ముప్పై ఎనిమిదేళ్ళు.

"నా సంగతి పోనీ అమ్మా, అయిపోయింది. దాని సంగతి చూడు" అని పెట్టేసింది.

మార్చి 28, శుక్రవారం

వెళ్ళాను.

పిల్ల ఆఫీసుకి వెళ్ళాక, చిత్తు పుస్తకం సంచిలో పెట్టుకుని, బస్సెక్కి. స్టూడియో మూడో అంతస్తు. ఒకటే పెద్ద హాలు, పొడుగు బల్లలు. గోడల నిండా చిత్తుకాగితాలు గుచ్చి ఉన్నాయి. చెత్తబుట్ట బోర్లించి ఏరి అంటించినట్టు. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ చూస్తే అక్కడికక్కడ గుండె ఆగిపోయేది.

కళ్ళజోడు లేచి వచ్చింది. ఫోటోలోకన్నా పొట్టి.

"ఎవరు కావాలండీ?"

"నేను వినియోగదారు ఒకటిని" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కుర్చీ వేసింది.

చెప్పాను. పిల్లకి తెలియదని, గడువు రోజున బస్సులో ఉందని, రబ్బరు నాదని, ఇంకు నాదని. ఆవిడ విన్నది. బాగానే వింటుంది, ఒప్పుకోవాలి.

"ఏమీ అనుకోకండి అమ్మా. మనవరాలి కోసం అమ్మమ్మలు ఏ నిందైనా నెత్తిన వేసుకుంటారు."

"నేను వేసుకునే రకం కాదు. ఇంట్లో ఎవర్నైనా అడగండి. ఒక మెత్తటి పెన్సిలు, బల్లదీపం ఇప్పించండి."

పెన్సిలు ముక్కుతో నొక్కి రాస్తే కాగితంలో గాడి పడుతుంది. రబ్బరు నలుపుని తీస్తుంది గాని గాడిని తీయలేదు. దీపం పక్కకి వంచి, పెన్సిలు పడుకోబెట్టి పేజీ మీద తేలిగ్గా రుద్దాను. నలుపు చుట్టూ పరుచుకుని, పిల్ల గీసిన గీతలు తెల్లగా పైకి లేచాయి. ఈ విద్య మా ఆఫీసులో అందరికీ వచ్చు. పక్కవాడు ఏం చెరిపాడో చూసుకోవడానికి.

చీమ రాతలు కూడా లేచాయి. నా కంటికి ఆనలేదు. కళ్ళజోడు చదివింది, పైకి.

"'అమ్మమ్మ ఆగింది. అక్షరం చిన్నదై కాదు. రోజు ఎక్కడ మొదలవుతుందో కాగితం చెప్పడం లేదు.'"

ఇంకో పేజీ రుద్దాను.

"'ఆగావా అని అడిగితే ఒప్పుకోదు. అడగకూడదు, చూడాలి. అడగడం నాదే తప్పు.'"

ఇంకోటి. పధ్నాలుగో పేజీ. నేను స్కేలు పెట్టి గంటల వారీగా గడులు గీసిన పేజీ, అన్నిటికన్నా బాగా కుదిరింది. దాని అడుగునుంచి పెద్ద అడ్డకొట్టివేత లేచింది. కింద రాత.

"'గడులు తప్పు. అమ్మమ్మ రోజు గడియారంతో నడవదు, పనులతో నడుస్తుంది. పేపరు, స్నానం, కునుకు, బాల్కనీ. మాత్రలు వాటి పక్కన పెట్టాలి.'"

కళ్ళజోడు నా గడుల మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మీరు ఏం సరిచేశారు?"

"గడులు వంకరగా ఉంటే..."

"గడులే వద్దనుకుంది కదండీ."

తల తీసేసినట్టయింది. మొత్తం పనికి ఆయువుపట్టు ఆ పేజీ. పిల్ల అక్కడ దారి కనిపెట్టింది, నేను దాని మీద అందంగా గోడ కట్టాను.

పదకొండు పేజీలు రుద్దేసరికి చేతులన్నీ నల్లబడ్డాయి. ఆవిడ చాలన్నది.

"సోమవారం పదింటికి రమ్మనండి. ఈ పేజీలు ఇలాగే తేవాలి, మీ ఇంకు, తన గాడి రెండూ కనబడేలా. ఏం జరిగిందో తనే నిలబడి చెప్పాలి. మీరు రాకూడదు."

"రాను."

తలుపు దాకా వచ్చి అడిగింది, "మీ చిత్తుప్రతులు ఉన్నాయా? మీరు పనిచేసిన రోజులవి?"

"లేవు. చింపేవాళ్ళం."

"అన్నీనా?"

"అన్నీ."

"అయ్యో" అంది.

మర్యాదకి అన్నది కాదు. ఆస్తి తగలబడిందని వింటే అనేలాంటి అయ్యో. బస్సులో కూర్చున్నాక కూడా అది చెవిలోనే ఉంది. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు గంప పట్టుకుని నిలబడినవాడు ఆ మాట అని ఉంటే. ఒక్కడైనా.

మార్చి 29, శనివారం

"నిన్నెవరు వెళ్ళమన్నారు?" నాలుగు రోజులకి నాతో అన్న మొదటి మాట.

"ఎవరూ అనలేదు."

"నేనేమైనా చిన్నపిల్లనా, అమ్మమ్మని వెంటబెట్టుకుని..."

"సోమవారం నువ్వొక్కదానివే వెళ్తావు. నన్ను రావద్దన్నారు."

పుస్తకం తెరిచింది. నల్లటి పేజీలు, అందులో తన తెల్ల రాతలు.

"ఇవన్నీ చదివావా?"

"నాకు ఆనలేదు. ఆవిడ చదివి వినిపించింది."

పిల్ల మొహం ఎర్రబడింది. "'అడిగితే ఒప్పుకోదు' కూడానా?"

"అది కూడా."

"నిజమే కదా మరి" అంది, ఇంకా కోపంగానే. మిగిలిన ఇరవై పేజీలు ఇద్దరం కూర్చుని రుద్దాం. కాఫీ మరక మీద అంటించిన కాగితాన్ని ఆవిరి పట్టి ఊడదీశాను.

మార్చి 31, సోమవారం

బీపీ 160/96. పిల్ల తొమ్మిదింటికి వెళ్ళింది. నేను బీరువా సర్ది, మళ్ళీ చిందరవందర చేసి, మళ్ళీ సర్దాను.

రెండింటికి వచ్చింది. పదిమంది కూర్చుని గంటన్నర నిలబెట్టి అడిగారట. ఏం చెప్పావంటే, "జరిగింది చెప్పా" అంది. ఫలితం రేపు.

ఏప్రిల్ 1, మంగళవారం

వచ్చింది. పిల్లకే వచ్చింది ఆ చోటు.

ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను గరిటెతో సహా పట్టుకుని తిప్పింది. కూతురికి ఫోను చేశాం. దాని ఏడుపు, దీని ఏడుపు. నేను పొయ్యి కట్టేశాను.

"ఎలా ఉంది అమ్మమ్మా? చెప్పు."

నోరు తెరిచాను. "పర్వాలేదు" అని వచ్చింది.

పిల్లకి అలవాటే. ఆఫీసుకి రాజీనామా ఎలా రాయాలో చూసుకోవడానికి వెళ్ళింది.

సంతోషంగానే ఉన్నాను. సంతోషంతో పాటు ఇంకొకటి కూడా ఉంది, ఛాతీకి కుడివైపు, అందుకని గుండె కాదు. ఇప్పుడు కళ్ళజోడు మీద కోపం కోసం వెతికాను. దొరకలేదు. ఆవిడ మంచిదే, కారు కాస్త నెమ్మదిగా నడపాలి.

అయితే ఇది ఎవరిమీద?

కూతురు అసూయ అన్నప్పుడు కళ్ళజోడు పేరు నేనే అందించాను. అది అడగనైనా లేదు. ఎంత తొందరగా అందించానో ఇప్పుడు చదివితే కనబడుతోంది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల పది పెద్ద తలకాయల ముందు నిలబడి, తన తప్పులు ఒక్కొక్కటీ తీసి చూపించి, అందుకే ఉద్యోగం తెచ్చుకుంది. నేను నావి సంచిలో దాచుకుని వెనక తలుపునుంచి ఇంటికి తెచ్చుకున్నాను. నలభై కప్పలు. పొయ్యిలో వేశాను. వాటిలో ఏ పేజీ పధ్నాలుగో పేజీయో నాకెప్పటికీ తెలియదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఉదయం చెప్పేశాను. పిల్ల బాల్కనీలో తల ఆరబెట్టుకుంటోంది. తిన్నగా వెళ్ళి నిలబడ్డాను, లేకపోతే మళ్ళీ బట్టలు తీస్తూ ఉండిపోతాను.

"నాకు అసూయ."

"తెలుసు. మేడమ్ మీద."

"కాదు. నీ మీద."

తల తుడుచుకోవడం ఆపింది.

"ఆ పుస్తకం నాదైతే బాగుండేదనిపించింది. ఆ కొట్టివేతలు, ఆ చీమ రాతలు. నీ వయసులో నేను అలా ఆలోచించలేదు. ఆలోచించినా ఎవరికీ చూపించేదాన్ని కాదు. చూడలేక చెరిపాను."

తిడుతుందనుకున్నాను. కౌగిలించుకుంటుందేమోనని కూడా భయపడ్డాను, నాకు అవి పడవు. రెండూ చెయ్యలేదు. పరీక్ష ఫలితాల పట్టికలో తన నంబరు వెతుక్కునేదానిలా నా మొహంలోకి చూసింది.

"నిజంగానా? అసూయ పడేంత?"

"పడేంత."

"అమ్మయ్య" అంది. "అయితే బాగున్నట్టే."